రంగు పట్టని చోటు

"చెప్పులు వేసుకునే వెళ్ళరా. ఆ షెడ్డులో నేల మీద ఏం ఒలికుందో ఎవరికి తెలుసు. నీ కాళ్ళు కూడా కాలితే అదొకటి మళ్ళీ," అన్నాను.

మా తమ్ముడు అప్పటికింకా వీధి గుమ్మంలోనే ఉన్నాడు. చేతిలో సంచి కింద పెట్టలేదు. నేను మాత్రం వాడి పాదాలు బొబ్బలెక్కినట్టూ, ఆసుపత్రికి మోసుకెళ్ళినట్టూ, అక్కడ మంచం ఖాళీ లేదన్నట్టూ అన్నీ చూసేశాను. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను కీడు దగ్గరే ఆగిపోతాను, మేలు దాకా వెళ్ళే ఓపిక ఎప్పుడూ ఉండదు.

"నా కాళ్ళ సంగతి తర్వాత చూద్దాం అక్కా. పోలీసులు వాణ్ణి ఎన్నింటికి తీసుకెళ్తామన్నారు?"

"రెండింటికి."

గోడ గడియారం పన్నెండూ ఇరవై చూపిస్తోంది. వాడు దానివైపు చూసి, "సరిపోతుంది," అన్నాడు. సరిపోదు గనకే అలా అన్నాడని నాకు తెలుసు. చిన్నప్పుడు పరీక్షకి వెళ్తూ కూడా అలాగే అనేవాడు.

మా తమ్ముడు పద్దెనిమిదేళ్ళు పోలీసుల వేలిముద్రల విభాగంలో పనిచేశాడు. పైవాళ్ళతో పడక మానేసి, ఇప్పుడు సొంతంగా పరిశోధనలు చేస్తున్నాడు. పొద్దున ఏడింటికి ఫోన్ చేసి, "మావాణ్ణి పట్టుకుపోతారట," అన్నాను. ఇంకేమీ అడగకుండా బయల్దేరాడు.

జరిగింది ఇది. మా అబ్బాయి ఇంటి వెనక షెడ్డులో అల్యూమినియం సామాన్లు తయారుచేస్తాడు. వాటికి పైన గట్టి పొర వచ్చేలా, ఆ పొరలో రంగు నిలిచేలా అనోడైజింగ్ కూడా తనే చేసుకుంటాడు. పెద్ద భవనాలకి రంగులు వేసేవాళ్ళు తాళ్ళకి వేలాడుతూ పనిచేస్తారు కదా, వాళ్ళ తాడు జారకుండా పట్టుకునే ఎర్ర క్లాంపులు ఈ నెలలో వీడే చేసిచ్చాడు. శనివారం సాయంత్రం నాలుగింటికి వాటిలో ఒకటి ఊడింది. రంగులాయన మూడో అంతస్తు ఎత్తునుంచి ఇసక గుట్ట మీద పడ్డాడు. ప్రాణం దక్కింది, తుంటి విరిగింది. ఆదివారం నేను ఆసుపత్రికి వెళ్తే వాళ్ళావిడ వరండాలో నిలబడి ఒక్క మాటే అడిగింది. "మీవాడు బిగించి చూడలేదా అమ్మా?" తెచ్చిన పళ్ళ సంచి బెంచీ మీద పెట్టి వచ్చేశాను. రాత్రంతా ఆ మాటే.

ముందు గదిలో ఇన్‌స్పెక్టరు మా అబ్బాయి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. వాడు మాత్రం నిలబడి ఉన్నాడు. వాడి పక్కన ఒక కానిస్టేబులు.

"రండి ముద్రల మాస్టారూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు, మా తమ్ముణ్ణి చూసి. ఇద్దరూ ఒకప్పుడు ఒకే ఆఫీసులో ఎదురెదురు బల్లల మీద పనిచేసినవాళ్ళే. "మేనల్లుడి కేసు కదా. ఫీజు లేకుండా చేస్తున్నారేమో."

"జీతం తీసుకునేవాళ్ళు వదిలేసిన పని ఊరికే చేయడం నాకు అలవాటేగా. ఊడిన క్లాంపు మీ దగ్గరే ఉందా?"

"ఉంది. చూసి ఏం చేస్తారు? బోల్టు బిగిసే మరలు అరిగిపోయి ఉన్నాయి. గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. చెడ్డ సరుకని తెలిసీ అమ్మాడు. అంతే."

"తెలిసి అమ్మాడని ఎవరు చెప్పారు?"

"తెలియకుండా అమ్మేవాడు మరలు కొలిచే గేజి ఎందుకు కొనుక్కుంటాడండీ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. మా తమ్ముడు సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"షెడ్డు చూస్తాను. వీడు కూడా రావాలి."

"నేను కూడా వస్తాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మీరు చూస్తుంటే సాక్ష్యాలు ఎలా పుట్టుకొస్తాయో నేర్చుకుంటాను."

షెడ్డులోకి నన్ను మా అబ్బాయి ఎప్పుడూ రానివ్వడు. గుమ్మం దాటొద్దని సుద్దముక్కతో గీత కూడా గీశాడు. నేను గీత అవతలే నిలబడ్డాను. లోపల రెండు పెద్ద ప్లాస్టిక్ తొట్లు, మూడోది మంచినీళ్ళ టబ్బు, ఎర్ర రంగునీళ్ళ బకెట్టు, బ్యాటరీ చార్జరు లాంటి పెట్టె, సీసపు రేకు, అల్యూమినియం తీగచుట్ట. ఒక మూల కరెంటు పొయ్యి మీద మూతపెట్టిన స్టీలు గిన్నె. గోడ మేకుకి రెండు మందపాటి తొడుగులు, మోచేతుల దాకా వచ్చేవి.

మా తమ్ముడు ఏదీ ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కొక్క తొట్టి మీదికీ వంగి చూశాడు.

"మొదటినుంచీ చెప్పు. నేనేమీ తెలియనివాణ్ణనుకో."

"అది నిజమే కాబట్టి సులువే," అన్నాడు ఇన్‌స్పెక్టరు పక్కనుంచి.

మా అబ్బాయి గొంతు సవరించుకున్నాడు. "కోసి, మరలు చెక్కాక ముందు కాస్టిక్ సోడా నీళ్ళలో ముంచుతాను మావయ్యా. మురికి పోవడానికి. రెండు నిమిషాలు, మూడు దాటకూడదు. ఆ నీళ్ళు అల్యూమినియాన్నే తినేస్తాయి. తర్వాత కడిగి, తీగకి కట్టి, యాసిడ్‌లో వేలాడదీసి కరెంటు పెడతాను. గంటసేపు. అప్పుడు పైన పొర వస్తుంది. కంటికి కనపడదు గానీ దాన్నిండా సన్నని చిల్లులుంటాయి, తేనెపట్టులాగా. రంగు వాటిలోకి దిగుతుంది. ఆ పైన అరగంట మరిగే నీళ్ళలో ఉంచితే చిల్లులు మూసుకుపోతాయి. రంగు ఇక పోదు."

"గేజి ఎప్పుడు పెడతావు?"

"యాసిడ్‌లోంచి తీశాక, రంగుకి ముందు. మరల్లో గేజి సరిగ్గా కూర్చుంటేనే రంగు. లేకపోతే వేయను. రంగు పడిందంటే పాసైనట్టు. అది నా గుర్తు. చీటీలు అంటించుకునే పని ఉండదు."

గీత అవతల నిలబడి ఈ మాట వింటున్నాను. వాడు ఇన్నాళ్ళుగా ఈ ఇంట్లోనే ఈ పని చేస్తున్నా, రంగు పడితే పాసైనట్టు అన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

"గురువారం ఏం జరిగింది?" అడిగాడు తమ్ముడు.

"ఎనిమిదింటికి తొమ్మిది క్లాంపులు కాస్టిక్‌లో వేశాను. నీళ్ళు అనుకున్నదానికంటే వేడిగా ఉన్నాయి, నేను చూసుకోలేదు. తీసేసరికి బుసబుసమని పొంగుతోంది. అయినా ఆశకొద్దీ యాసిడ్‌లో పెట్టాను. తొమ్మిదిన్నరకి గేజి పెడితే తొమ్మిదీ ఫెయిల్. మరల అంచులు తినేసింది. చేత్తో బోల్టు తిప్పితే బిగిసినట్టే ఉంటుంది మావయ్యా, మనిషి బరువు పడితే జారుతుంది."

"వాటినేం చేశావు?"

"యాసిడ్ పోవాలి కదా, నీళ్ళ టబ్బులో పడేశాను. తెల్లగానే. కొత్తవి కోయడానికి తొమ్మిదీ నలభై ఐదుకి లేత్ షాపుకి వెళ్ళాను. వచ్చేసరికి ఒకటిన్నర."

"వచ్చాక టబ్బులో?"

వాడు నావైపు చూడలేదు. "లేవు. అమ్మనడిగాను. పాత సామానతనికి ఇచ్చేశానంది. ఎలాగూ పడేసేవే కదా, మంచి పని చేశావన్నాను."

మా తమ్ముడి చూపు నా మీదికి వచ్చి వెళ్ళిపోయింది. నేను పమిట సర్దుకున్నాను.

"తెల్లనివి పాత సామానుకి పోతే, మరి ఇదెక్కణ్ణుంచి ఊడిపడింది?" ఇన్‌స్పెక్టరు ప్లాస్టిక్ సంచి తీసి బల్ల మీద పెట్టాడు. లోపల ఎర్రటి క్లాంపు. "తినేసిన మరలు, పైన పాసైన రంగు. రంగు దానంతటదే పూసుకుందా?"

తమ్ముడు సంచిలోంచి భూతద్దం తీశాడు. క్లాంపుని బయటికి తీయలేదు, సంచి బిగించి పట్టుకుని వెలుతురుకి తిప్పాడు. ఎక్కడో నీటిచుక్క పడుతోంది.

"ఈ చుక్క దగ్గర రంగు లేదే," అన్నాడు.

"అక్కడ తీగ తగిలి ఉంటుంది. తగిలినచోట పొర రాదు, రంగు పట్టదు. ప్రతి క్లాంపుకీ ఉంటుంది."

"మరి ఈ రెండోది?"

వాడు అద్దం తీసుకుని వంగి చూశాడు. చూస్తూ చూస్తూ వాడి మొహంలో రక్తం లేకుండా పోయింది. అద్దం తిరిగి ఇచ్చేశాడు.

"నేను చెప్పనా," అన్నాడు తమ్ముడు. గొంతు పాఠం చెప్పేవాడి గొంతులా ఉంది గాని నావైపు మాత్రం తిరగలేదు. "రంగుకి ముందు ఆ చిల్లుల పొరని ఉత్త చేత్తో పట్టుకుంటే, వేలికుండే జిడ్డు చిల్లుల్ని మూసేస్తుంది. అక్కడ రంగు దిగదు. ఆ పైన మరగబెడితే ఆ ముద్ర చెరిగేది కాదు. నేను పద్దెనిమిదేళ్ళు పొడి చల్లి ముద్రలు తీశాను ఇన్‌స్పెక్టరు గారూ, ఇంత శుభ్రమైనది చూడలేదు. బొటనవేలు. ఈ కుర్రాడు తొడుగులు లేకుండా వీటిని ముట్టుకోడు."

"ఆ రోజు ముట్టుకున్నాడేమో."

"ముట్టుకున్నాను," అన్నాడు మా అబ్బాయి. "నేనే వేశాను రంగు. టబ్బులోంచి ఒకటి పొరపాటున మంచివాటిలో కలిసింది. ఒక్కటే. ఆ ముద్ర నాదే."

ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా నవ్వాడు. "విన్నారా మాస్టారూ? మీరు అద్దం పెట్టి వెతుకుతున్నది మనిషి నోటితోనే చెప్పేశాడు."

"వీడిది కాదిది. ముద్రకి అడ్డంగా ఏటవాలు గాటుంది. పాత గాయం. వీడి వేలికి అలాంటిదేమీ లేదు."

"అయితే ఎవరిది?"

తమ్ముడు భూతద్దాన్ని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

నాకు అద్దం అక్కర్లేదు. నా కుడి బొటనవేలి మీద ఏటవాలుగా ఒక గాటుంది. పదకొండేళ్ళప్పుడు రేకు డబ్బా మూత ఊడదీస్తుంటే తెగింది. తీసింది మా తమ్ముడి కోసమే. వాడు ఏడుస్తుంటే ఊరుకోబెట్టడానికి. రక్తం కారుతుంటే వాడే చొక్కా చించి కట్టాడు. ఆ గాటుని వాడు ఈ లోకంలో ఎక్కడ చూసినా గుర్తుపడతాడు.

గురువారం మా అబ్బాయి అటు వెళ్ళాక టబ్బులోకి తొంగిచూశాను. తెల్లగా తొమ్మిది. పిల్లవాడు రంగు వేయడం మర్చిపోయి వెళ్ళాడనుకున్నాను. సరుకు కోసం సాయంత్రం రావాల్సిన రంగులవాళ్ళ మేస్త్రీ ఫోన్ చేసి, పని తొందరగా ఉంది పన్నెండింటికే వస్తానన్నాడు. సరుకు తక్కువైతే బేరం పోతుందని, పోతే వాడు దిగులుపడతాడని, దిగులుపడితే తిండి మానేస్తాడని, ఇలా పోయింది నా బుర్ర. గుమ్మంలోంచి ఎన్నిసార్లు చూశానో, రంగు పది నిమిషాలు, మరగడం అరగంట. అంతేగా అనుకున్నాను. తొడుగులు నా చేతికి పెద్దవి, జారిపోతున్నాయి. తీసేశాను. వాడు వచ్చి అడిగితే షెడ్డులో కాలు పెట్టినందుకు తిడతాడని అబద్ధం చెప్పాను. ఇన్ని భయాలు పడ్డదాన్ని, నా చేతుల వల్ల ఇంకొకరికి ఏమైనా అవుతుందని మాత్రం ఏనాడూ భయపడలేదు.

"ఒంటిగంటన్నర అయింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "బండి ముందుకి తెప్పిస్తున్నాను."

"ఒక్క ఫోన్ చేసుకోనివ్వండి. మీరూ వినండి."

తమ్ముడు మేస్త్రీకి ఫోన్ చేసి అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టాడు. అటు గాలి హోరు, ఎవరో పైనుంచి కేకలు.

"గురువారం క్లాంపుల పెట్టె ఎన్నింటికి తీసుకెళ్ళావు మేస్త్రీ?"

"పన్నెండు కొట్టాక. ఐదు నిమిషాలు అటూ ఇటూ."

"ఎవరిచ్చారు?"

"అమ్మగారు. అబ్బాయి లేడు. లెక్కపెట్టుకో నాయనా అన్నారు, నాకు తీరిక లేక పెట్టెతో సహా పట్టుకుపోయాను. పైనున్నవి కొన్ని వెచ్చగా తగిలాయండీ, పొయ్యి మీంచి దించినట్టు."

తమ్ముడు ఫోన్ మీదే కళ్ళుంచాడు. "వీడు బయటికి వెళ్ళింది తొమ్మిదీ నలభై ఐదుకి. లేత్ షాపులో అడగండి, ఉన్నాడంటారు. మరగబెట్టి రెండు గంటలు దాటాక ఏదీ వెచ్చగా ఉండదు ఇన్‌స్పెక్టరు గారూ."

"ఎండలో పెట్టి ఉంటారండీ," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "తల్లి కదా, ఉన్న పెట్టె తీసి ఇచ్చింది. దానికే కథ అల్లేస్తారా? మీరు ఉద్యోగం మానేయడం ప్రభుత్వానికి లాభమే అయింది."

"మేస్త్రీ," అన్నాడు తమ్ముడు, ఆయన మాట విననట్టే. "మీవాళ్ళు ఇప్పుడు తాళ్ళ మీదున్నారా?"

"అన్నం తింటున్నారు. రెండింటికి ఎక్కుతారు. మూడుచోట్ల పని నడుస్తోంది, పాతికమంది."

"ఎక్కించొద్దు."

"అదేంటండీ. చెడింది ఒక్కటే, మిగతావాటితో పని చేసుకోమని ఇన్‌స్పెక్టరు గారే పొద్దున చెప్పారు. ఆయన ఆపమంటే ఆపుతాను. మీరు చెబితే ఎలా?"

తమ్ముడు ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. ఇప్పుడు వాడి గొంతులో వెటకారం లేదు. "ఆపమనండి. వెచ్చగా ఉన్నవి కొన్ని అన్నాడు. ఒకటి అనలేదు."

"నేను ఆపితే రేపు పైవాళ్ళు నన్నడుగుతారు, ఎందుకాపావని. ఏం చెప్పమంటారు? మాస్టారికి వెచ్చగా అనిపించిందని చెప్పనా? పట్టుబడ్డవాడు ఒక్కటే అంటున్నాడు. కాదంటే ఎన్నో చెప్పండి. మనిషిని చూపించి, లెక్క చెప్పండి. ఈ క్షణంలో ఆపిస్తాను. నాకేం మనుషులు పడిపోవాలని సరదానా?"

ఆ మాట మాత్రం ఆయన నిజంగానే అన్నాడు. అందరూ అనుకున్నంత చెడ్డవాడు కాడు.

తమ్ముడు గీత దగ్గరికి వచ్చాడు. వాడు గీతకి అటు, నేను ఇటు.

"అక్కా."

నేను కుడిచెయ్యి పమిట కింద దాచుకున్నాను.

"మావయ్యా, అమ్మనేం అడగొద్దు," అన్నాడు మా అబ్బాయి వెనకనుంచి. "నేను ఒప్పుకున్నాను కదా. అయిపోయింది. పదండి వెళ్దాం."

"నువ్వూరుకో. అక్కా, నేను నిన్ను ఎవరు చేశారని అడగడం లేదు. అది నాకు అద్దంలోనే కనపడింది. అడిగేది ఒకటే. ఎన్ని?"

మా వెనకే వచ్చిన కానిస్టేబులు కాలు మార్చి నిలబడ్డాడు. బల్ల మీద ఫోన్‌లో ఇంకా గాలి హోరు వినిపిస్తూనే ఉంది, మేస్త్రీ పెట్టేయలేదు. ఒంటిగంటా నలభై ఆరు.

నోరు విప్పితే ఏమవుతుందో నాకు అంతా కనపడుతూనే ఉంది, ఎప్పుడూ కనపడినట్టే. బండెక్కేది నేను. వీధిలో అందరూ గుమ్మాల్లోకి వస్తారు. ఆసుపత్రి వరండాలో ఆవిడ ఈసారి ప్రశ్న అడగదు, ఊరికే చూస్తుంది. విప్పకపోతే మా అబ్బాయి వెళ్తాడు. నాలుగేళ్ళో, ఐదేళ్ళో. వాడు వెళ్తూ కూడా నన్ను చూసి, మందులు వేసుకో అంటాడు. అది కూడా కనపడింది. ఈ రెండిటిలో ఏది ఎక్కువ కీడో తూచుకుంటూ నిలబడ్డాను. నా బతుకంతా నేను చేసిన పని అదే కదా.

ఒంటిగంటా నలభై తొమ్మిది.

ఫోన్‌లో ఎవరో నవ్వారు. అన్నం తినడం అయిపోయినట్టుంది. గిన్నెలు ఒకదాన్లో ఒకటి పెడుతున్న చప్పుడు. తర్వాత ఒక ఆడగొంతు, చంటిపిల్ల పక్కన ఉన్నట్టుంది, "చీకటి పడకముందే దిగిపో, నాకు భయంగా ఉంటుంది," అంటోంది. ఆమె ఎవరో నాకు తెలియదు. గొంతు మాత్రం నాదే అనిపించింది.

"అమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు, మొదటిసారి నావైపు సరిగ్గా తిరిగి. "మీకేమైనా తెలుసా?"

మా అబ్బాయి తల అడ్డంగా ఊపుతున్నాడు, చెప్పొద్దని. చిన్నప్పుడు మందు తాగనన్నప్పుడు అలాగే ఊపేవాడు. నేను ఆ మందు ఎప్పుడూ తాగించకుండా వదిలిపెట్టలేదు.

సుద్దగీత దాటి లోపలికి అడుగుపెట్టాను. బొటనవేలు పైకి వచ్చేలా నా కుడిచెయ్యి బల్ల మీద, ఎర్ర క్లాంపు పక్కన పెట్టాను. మా తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు.

ఒంటిగంటా యాభై మూడు.

"తొమ్మిదింట్లో నాలుగింటికి రంగు మచ్చలు మచ్చలుగా వచ్చింది. అవి పాత సామానతనికి ఇచ్చేశాను," అన్నాను. "మంచిగా వచ్చినవి ఐదు. పెట్టెలో పైన పేర్చాను. ఒకటి మీ దగ్గరుంది. నాలుగు వాళ్ళ తాళ్ళకున్నాయి."